పదిహేను సెంట్లకు అంతరిక్షం!

సినిమా చూసి హాల్లోంచి బయటికొచ్చాక మీరు ఇంటికి ఏం పట్టుకెళ్తారు?

'ఏముందీ... తలనొప్పి!' అనకండి. అన్ని సినిమాలూ అలా ఉండవుగా! బాగా నచ్చిన సినిమా సంగతే నేనడిగేది. హీరో నడక, హీరోయిన్ చీర రంగు, ఇంటర్వెల్ ముందు సీను... ఇవన్నీ బుర్రలో పెట్టుకుని వెళ్తాం. మరి చేతిలో? ఇదివరకు కనీసం చింపిన టికెట్టు ముక్కయినా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఫోను చూపిస్తే చాలు, లోపలికి పంపేస్తున్నారు.

మా అమ్మ తరం వాళ్ళకి హాలు బయట పాటల పుస్తకాలు దొరికేవి. పాటలతోపాటు సగం కథ చెప్పి, 'మిగతాది వెండితెరపై చూడండి' అంటూ ఊరించేవి. మగపిల్లలైతే ఆపరేటరు పారేసిన ఫిల్ము ముక్కలు ఏరుకునేవారు. అద్దంతో ఎండని చీకటి గదిలోకి మళ్ళించి, పాడైపోయిన బల్బులో నీళ్ళు పోసి దాన్నే భూతద్దం చేసి, గోడ మీద తాతగారి పంచె కట్టి... ఇంకేం, ఇంట్లోనే సినిమా హాలు! బొమ్మ కదలకపోతేనేం, తమ హీరో తమ ఇంటికొచ్చాడు. అది చాలు.

అమెరికాలో ఇదే పని ఒక బబుల్‌గమ్ పొట్లం చేసింది. ఔనండీ, నమిలి పారేసే బబుల్‌గమ్మే! ఆ పొట్లంలో గమ్ముతోపాటు వచ్చిన అట్టముక్కల కథే ఇది. వాటిని ట్రేడింగ్ కార్డులంటారు. అందులోనూ నేను చెప్పబోయేవి సైన్స్ ఫిక్షన్ కార్డులు... అంగారకుడి నుంచి దిగిన భూతాలు, అంతరిక్ష నౌకలు, రోబోలు!

డబ్బాలో ఏముంది?

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి మా మావయ్య న్యూజెర్సీ నుంచి తెనాలి వచ్చాడు. అమ్మకి అన్నయ్య. ఎమ్మెస్ చదవడానికి 1976లో వెళ్ళినవాడు, అక్కడే ఉండిపోయాడు. భోజనాలయ్యాక సూట్‌కేసులోంచి ఒక పాత బిస్కెట్ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్ అల్లుడూ, మేం చిన్న ఇంట్లోకి మారుతున్నాం. దీన్ని పారేద్దామంటే నాకు చెయ్యి రావట్లేదు. మా పిల్లలకి అక్కర్లేదు. నువ్వు సినిమావాళ్ళ మీద రాస్తుంటావుగా, నీ దగ్గరుంచుకో."

మూత తీశాను. నీలం అంచుతో, పేకముక్కలంత అట్టలు. వాటిమీద 'స్టార్ వార్స్' బొమ్మలు! హాన్ సోలో, యువరాణి లేయా, నల్ల ముసుగు డార్త్ వేడర్... అందరూ ఉన్నారు. ఒక్కొక్కటీ రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. వెనకవైపు నంబరు, సినిమా కబుర్లు, కొన్నిటి వెనక కలిపి పేర్చుకునే పెద్ద బొమ్మలో ముక్కలు.

నిజం చెప్పేస్తున్నాను... ఆ క్షణాన నాకు కనిపించింది హాన్ సోలో కాదు, డబ్బు! ఫ్రీలాన్సు జర్నలిస్టు బతుకు మీకు తెలియంది కాదు. ఒక నెల పండగ, మూడు నెలలు ఉపవాసం. పాత బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయిందని అంతకుముందే చదివి ఉన్నాను. 1952లో మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి బొమ్మతో వచ్చిన కార్డది. 'ఒక్క అట్టముక్కే అంత పలికితే, డబ్బా నిండా ఉన్న నా సంగతేమిటి? నా దరిద్రం తీరినట్టే!' అనుకున్నాను.

రాత్రికి రాత్రి లెక్కపెట్టాను. నీలం సెట్టులో ఉండాల్సినవి 66. డబ్బాలో ఉన్నవి 65. లేనిది ఏదయ్యా అంటే... ఒకటో నంబరు. ల్యూక్ స్కైవాకర్. సాక్షాత్తూ హీరో!

గమ్ముతో దిగిన అంగారకులు

అసలీ కార్డులు ఎక్కడ పుట్టాయో కాస్త చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో సిగరెట్టు పెట్టె నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఖాళీ అట్ట ఎందుకని దానిమీద బొమ్మ వేశారు. బొమ్మల కోసం జనం ఎగబడ్డారు. ఆ కిటుకునే తర్వాత గమ్ము కంపెనీలు అందుకున్నాయి. వాటిలో పెద్దది టాప్స్. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 1938లో మొదలైన కంపెనీ ఇది.

1962లో ఆ టాప్స్ ఆఫీసులో లెన్ బ్రౌన్ అనే కుర్రాడు పనిచేస్తుండేవాడు. ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. కామిక్ పుస్తకాల పిచ్చి. అతనూ, అతని పైన ఉన్న వుడీ గెల్మనూ కలిసి ఒక కథ అల్లారు. అంగారక గ్రహం పేలిపోబోతోంది. అక్కడి జీవులు భూమి మీదికి దండెత్తుతాయి. పుర్రె మొహాలు, బయటికి కనిపించే మెదళ్ళు, తలకి గాజుబుడ్డి! మొత్తం 55 కార్డులు. పేరు 'మార్స్ ఎటాక్స్'.

మొదటి ఊహాచిత్రాలు వాలీ వుడ్ వేశాడు. పెన్సిల్ పని బాబ్ పవెల్ చేశాడు. రంగులు దిద్దినవాడు నార్మన్ సాండర్స్. చవక కథల పత్రికలకి ముఖచిత్రాలు వేసి చెయ్యి తిరిగిన పెయింటరాయన. మన సినిమా బ్యానర్లు గీసిన మేస్త్రుల్ని తలచుకోండి. ఆ జాతి మనిషే! రంగు దగ్గర మొహమాటం లేదు. ఎరుపంటే నెత్తురెరుపు, పసుపంటే మంట పసుపు.

అయిదు సెంట్ల పొట్లం విప్పిన పిల్లాడు ఆ బొమ్మ చూసి గుడ్లు తేలేశాడు. పిల్లాడి చేతిలో అది చూసిన తల్లి గొంతెత్తింది. కాలిపోతున్న సైనికులు, మనుషుల మీద పడుతున్న రాకాసి పురుగులు, యజమాని కళ్ళముందే మంటల్లో మాడిపోతున్న కుక్కపిల్ల... ఏ తల్లి ఊరుకుంటుంది? మొదట్నించీ కంపెనీకీ బెదురు ఉన్నట్టే ఉంది. పొట్లం మీద సొంత పేరు వెయ్యకుండా 'బబుల్స్ ఇంక్' అనే పేరు తగిలించారు. గొడవ ముదిరాక అమ్మకం ఆపేశారు. అలా 'మార్స్ ఎటాక్స్' కొద్దికాలమే ఆడి వెళ్ళిపోయింది.

ఫ్లాపు అనుకుంటున్నారా? అసలు కథ అక్కడే మొదలైంది! ఆపేశారు కాబట్టి తక్కువ మిగిలాయి. తక్కువ మిగిలాయి కాబట్టి వెతికేవాళ్ళు ఎక్కువయ్యారు. అయిదు సెంట్ల పొట్లాల్లో దొరికిన ఆ సెట్టు శుభ్రంగా, పూర్తిగా ఉంటే ఇవాళ వేల డాలర్లు.

ఇక మన పేజీలకి కావలసిన ముక్క. సినిమా వస్తుంది, దాన్ని చూసి కార్డులు వేస్తారు... ఇది మామూలు. 'మార్స్ ఎటాక్స్' దాన్ని తలకిందులు చేసింది. గమ్ము కార్డుల్లోంచి సినిమా పుట్టింది! 1996లో టిమ్ బర్టన్ అదే పేరుతో తీశాడు. జాక్ నికల్సన్‌ది డబుల్ రోల్. అమెరికా ప్రెసిడెంటూ ఆయనే, లాస్ వేగాస్ కంత్రీ వ్యాపారీ ఆయనే. పియర్స్ బ్రాస్నన్, గ్లెన్ క్లోజ్, డానీ డివిటో... తారాగణం చూస్తే నాలుగు సినిమాలకి సరిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ళ క్రితం తల్లులు చించి పారేయించిన బొమ్మలు వెండితెర మీద కోట్ల ఖర్చుతో నవ్వుకుంటూ దిగాయి!

మిగతావి కూడా తక్కువ తినలేదు. టీవీ సీరియల్ 'ఔటర్ లిమిట్స్' పేరుతో 1964లో 50 కార్డులు, 'లాస్ట్ ఇన్ స్పేస్' మీద 1966లో 55 కార్డులు వచ్చాయి. 'స్టార్ ట్రెక్' సీరియల్ 1969లోనే ఆగిపోయింది. కానీ అభిమానులు వదిలితేగా! ఏడేళ్ళు పోయాక, 1976లో, టాప్స్ దానిమీద 88 కార్డులు అచ్చేసింది.

వీడియో లేని రోజులు

1977 మే 25. 'స్టార్ వార్స్' విడుదలైన రోజు. అప్పటికి మావయ్యకి ఇరవై నాలుగేళ్ళు. స్కాలర్‌షిప్పు మీద బతుకు. గదిలో ఇంకో ముగ్గురు.

"రెండుసార్లు చూశాన్రా. మూడోసారికి డబ్బుల్లేవు" అన్నాడు.

అప్పట్లో అక్కడ టికెట్టు రెండు డాలర్ల పైమాటే. సినిమాని మళ్ళీ చూడాలంటే మళ్ళీ హాలుకే పోవాలి. వీడియో క్యాసెట్టుగా అది వచ్చింది 1982లో! ఆ అయిదేళ్ళూ అభిమాని ఏం చెయ్యాలి? బొమ్మలైనా కొనుక్కుందామంటే 1977 క్రిస్మస్‌కి బొమ్మలు తయారే కాలేదు. కెన్నర్ అనే బొమ్మల కంపెనీ ఏం చేసిందో తెలుసా? బొమ్మల్లేని అట్టపెట్టె అమ్మింది! లోపల ఒక కాగితం. దాన్ని పోస్టులో పంపితే కొత్త సంవత్సరంలో బొమ్మలు ఇంటికొస్తాయని మాట. జనం ఆ ఖాళీ పెట్టెలే కొన్నారు. పిచ్చి ముదిరితే అంతే మరి!

అప్పటికే కొట్లో దొరుకుతున్నది గమ్ము పొట్లం. పదిహేను సెంట్లు పారేస్తే ఏడు కార్డులు, ఒక స్టిక్కరు, ఒక గమ్ము. ఒక్క సినిమా టికెట్టు ఖరీదుకి పదిహేను పొట్లాలు, అంటే నూరు పైచిలుకు బొమ్మలు. ముందు నీలం అంచు సెట్టు, తర్వాత ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, చివరికి నారింజ రంగు. అయిదు సెట్లు, సెట్టుకి 66 చొప్పున 330 కార్డులు. పైగా 55 స్టిక్కర్లు.

ఒకదానిమీద ఒకటి పేర్చి చూసుకుంటూ పోతే కళ్ళముందు సినిమా ఆడుతుంది. "రాత్రిపూట లైటు తీసేశాక టేబుల్ ల్యాంపు కింద పేర్చుకునేవాణ్ణి. మ్యూజిక్కు నేనే నోటితో వేసుకునేవాణ్ణి" అన్నాడు మావయ్య. చీకటి గదిలో పంచె మీద ఫిల్ము ముక్క వేసిన మన కుర్రాడికీ, ఇతనికీ తేడా ఏముంది చెప్పండి!

అన్నట్టు, ఆకుపచ్చ సెట్టులో 207వ నంబరు కార్డుకో చిలిపి చరిత్ర ఉంది. అందులో బంగారు రోబో సీ-త్రీపీఓ బొమ్మ. ఆ వేషం కట్టిన నటుడు ఆంథొనీ డేనియల్స్. ఫొటోలో ఆ రోబోకి ఉండకూడని చోట ఏదో ఉన్నట్టు కనిపించింది! గొడవైంది. కంపెనీవాళ్ళు తర్వాతి ముద్రణలో ఆ చోటుని చక్కగా దిద్దేశారు. దుస్తుల్లోని ముక్కొకటి ఊడి, సరిగ్గా అదే క్షణంలో కెమెరాకి చిక్కిందన్నది తర్వాత వచ్చిన వివరణ. కార్డులు కూడబెట్టేవాళ్ళు మాత్రం దిద్దినదీ, దిద్దనిదీ... రెండూ కావాలంటారు!

మెట్లమీద బేరాలు

66 కార్డుల సెట్టు పూర్తి కావాలంటే ఎన్ని కొనాలనుకుంటున్నారు? 66 కొంటే చాలదు. వచ్చినవే మళ్ళీ వస్తాయి. కాగితం, పెన్సిలు తీసి లెక్కగట్టాను. అన్ని నంబర్లూ సమానంగా కలిపి ఉన్నాయనుకుంటే, సగటున 315 దాకా కొంటేగానీ సెట్టు నిండదు. అంటే సుమారు 45 పొట్లాలు. ఆఖరి ఒక్క కార్డు కోసమే సగటున 66 కార్డులు విప్పాలి!

అందుకే వాటికి ట్రేడింగ్ కార్డులని పేరు. నా దగ్గర రెండున్నది నీకిస్తా, నీ దగ్గర రెండున్నది నాకివ్వు. బడిపిల్లల బేరం అది.

కానీ మావయ్య బడిపిల్లాడు కాదే! మరి ఎవరితో మార్చుకున్నాడు?

"మా బిల్డింగు పిల్లలతోరా" అన్నాడు నవ్వుతూ. "సాయంత్రం మెట్లమీద కూర్చునేవాళ్ళు. పదేళ్ళవాళ్ళు, పన్నెండేళ్ళవాళ్ళు. వాళ్ళ మధ్య నేను. నా ఇంగ్లీషు విని పడీపడీ నవ్వేవాళ్ళు. వాళ్ళ మాట నాకర్థమయ్యేది కాదు. నంబర్లు మాత్రం అర్థమయ్యేవి. 'నలభై రెండిస్తా, పదిహేడిస్తావా?' అంతే. కాలేజీలో ఆర్నెల్లయినా ఒక్కడూ నాతో సరిగా మాట్లాడలేదు. ఆ పిల్లలే నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటివాళ్ళు."

ఈ మాట విన్నాక నాకు డబ్బా వేరేలా కనిపించడం మొదలైంది. అయితే ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకింకా కొన్ని నెలలు పట్టింది. ముందు మోసపోవాలిగా!

మొదటిదే ముద్దు

ముందు ధరల సంగతి. నా లాటరీ కల మూడు రోజుల్లో కరిగిపోయింది. 'స్టార్ వార్స్' కార్డులు లక్షలాది ఇళ్ళలో ఉన్నాయి. సినిమా పెద్ద హిట్టు, కార్డులూ అంతే. ఎక్కువ అచ్చయిన వాటికి ధర ఎక్కడిది? కాస్త నలిగిన నీలం సెట్టు పూర్తిగా ఉన్నా దానితో మంచి సెల్‌ఫోను కూడా రాదు.

ఒక్క ఒకటో నంబరుకి మాత్రం గిరాకీ. అందులోనూ నలగనిదానికి! దీనికి కారణం వింటే నవ్వొస్తుంది. పిల్లలు కార్డుల్ని నంబరు వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్ళు. రబ్బరు కోత పడేది ఎక్కడ? పైనున్న మొదటి కార్డుకీ, అడుగునున్న చివరి కార్డుకీ. దుమ్మూ, ఎండా, జిడ్డు వేళ్ళూ ముందు తగిలేది మొదటిదానికే. మధ్యలో ఉన్నవి హాయిగా బతికిపోయాయి. సినిమాలో దెబ్బలన్నీ హీరోకే తగిలినట్టు! 'మార్స్ ఎటాక్స్'లోనూ ఇంతే. ఒకటో నంబరూ, ఆఖరి 55వ నంబరూ శుభ్రంగా దొరకడం కష్టం. పైగా 55వది చెక్‌లిస్టు. ఏవి దొరికాయో పిల్లలు దానిమీద పెన్సిలుతో టిక్కులు పెట్టేశారు!

ఇప్పుడు ఈ కార్డులకి మార్కులు వేసే సంస్థలున్నాయి. అమెరికాలో పీఎస్‌ఏ అనేది 1991 నుంచి ఈ పని చేస్తోంది. పదికి ఎన్ని? మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు నలిగాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా, గమ్ము మరక ఉందా... అన్నీ చూసి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారు. పదికి పది తెచ్చుకున్న ల్యూక్ స్కైవాకర్ ఒక్కడే, మామూలు స్థితిలో ఉన్న మిగతా 65 మందినీ కొని పారెయ్యగలడు.

ఇక చెప్పేదేముంది, ఒకటో నంబరు కోసం పడ్డాను. ఇంటర్నెట్‌లో ఒకచోట దొరికింది. 'అసలు 1977 కార్డు, పెట్టెలోంచి తీసినట్టే ఉంది' అని రాశాడు అమ్మినవాడు. నెల కరెంటు బిల్లంత డబ్బు కట్టాను. వచ్చింది. తళతళలాడుతోంది. మావయ్య డబ్బాలో పెట్టాను... పెట్టగానే తేడా కొట్టింది. 65 మంది ముసలాళ్ళ మధ్య పెళ్ళికొడుకులా ఉంది!

భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. పాత అచ్చులో ఫొటో చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దానిమీది అక్షరాలు మాత్రం చుక్కల్లేకుండా నిండుగా ఉంటాయి. నాకొచ్చిన దాంట్లో అక్షరాలు కూడా చుక్కలే! అంటే ఏమిటన్నమాట? అసలు కార్డుని స్కాను చేసి మళ్ళీ అచ్చేశారు. వెనకవైపు అట్ట కూడా మా వాటికంటే తెల్లగా ఉంది. నకిలీ! రాస్తే జవాబు లేదు. డబ్బు పోయింది.

మీలో ఎవరికైనా ఈ సరదా ఉంటే ఇది గుర్తుంచుకోండి. తిరిగి అచ్చేసినవన్నీ దొంగవి కావు. 'మార్స్ ఎటాక్స్'ని 1994లో టాప్స్ తానే మళ్ళీ వేసింది. దాన్ని కొత్తదని చెప్పి అమ్మితే తప్పులేదు. పాతదని చెప్పి అమ్మితేనే మోసం. కొనేముందు అక్షరాలు చూడండి, వెనక్కి తిప్పి చూడండి, మీ దగ్గరున్న అసలుదాని పక్కన పెట్టి చూడండి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు వద్దు. పాత రకం మెత్తటి పీవీసీ ఆల్బములూ వద్దు, జిగటెక్కి బొమ్మని పాడుచేస్తాయి. మన కోస్తా ఉక్కకి అట్ట ఇట్టే వంగిపోతుంది. గాలి తగిలే పొడి చోట, ఎండ పడకుండా పెట్టండి.

పారేసినవాళ్ళకి దండం!

నకిలీ కార్డు ముందు పెట్టుకుని దిగులుగా కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. ఈ కార్డులకి విలువ తెచ్చింది దాచుకున్నవాళ్ళు కాదు, పారేసినవాళ్ళు! పిల్లాడు పెద్దవాడై చదువుకి ఊరొదిలి వెళ్ళాక అమ్మ గది సర్దింది, చెత్తబుట్టలో వేసింది. అందరూ దాచి ఉంటే వాటికి కానీ విలువ ఉండేది కాదు. కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్ల కార్డుని చెప్పానే, ఆ 1952 సెట్టులో అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని 1960లో పడవమీద తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ తానే చెప్పాడు. గోదాములో చోటు లేదట!

అంటే ధర చెప్పేది ఒక్కటే... ఇది ఎంతమంది పారేశారు? ఇంకో ప్రశ్న ఉంది. పారెయ్యనివాడు ఎందుకు పారెయ్యలేదు? దానికి పదికి ఎన్ని మార్కులు వెయ్యాలో ఏ సంస్థకీ తెలీదు.

ఒకటో నంబరు ఏమైంది?

ఆ దసరాకి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మకి నా మోసం కథంతా చెప్పాను. నకిలీ కార్డు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఏరా, ఈ అబ్బాయి మనింట్లో ఉన్నాడుగా!" అంది.

నాకు మాట పడిపోయింది.

అమ్మ ట్రంకుపెట్టె తీసింది. అడుగున పాటల పుస్తకాల కట్ట ఉంది. పురికొస విప్పింది. పుస్తకాల మధ్యలోంచి నీలం అంచు అట్టముక్క తీసింది. ల్యూక్ స్కైవాకర్! మధ్యలో గుండుసూది గుచ్చిన కన్నం. ఒక మూల మడత. వెనక్కి తిప్పితే, ఖాళీ ఉన్న చోట ఇంకుతో, చిన్న అక్షరాల్లో తెలుగు...

'చిట్టీ! ఇతను ఇక్కడి హీరో. మనవాళ్ళంత బాగుండడు. సినిమా మాత్రం బాగుంది.'

1977లో అమ్మకి పదిహేనేళ్ళు. ఉత్తరానికి గుండుసూదితో గుచ్చి పంపాడట. "ఎవరో దొరల కుర్రాడు, అన్నయ్య పంపాడు కదా అని దాచాను" అంది. ఆ సినిమా అమ్మ ఇప్పటికీ చూడలేదు!

వెంటనే మావయ్యకి ఫోను చేశాను. మొదట గుర్తు రాలేదు. వెనక రాసింది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు.

"మొదటి పొట్లంలో మొదట వచ్చిన కార్డురా అది" అన్నాడు చివరికి. "సెట్టు పోగేస్తానని అప్పటికి అనుకోలేదు. ఆ నెల ఇంటికి ఫోను చెయ్యడానికి డబ్బుల్లేవు. చిట్టి పుట్టినరోజు. పంపడానికి నా దగ్గర ఇంకేం లేదు. తర్వాత మళ్ళీ ఆ నంబరు వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఈలోగా కొట్లోకి ఎర్ర సెట్టు వచ్చేసింది."

నలభై ఏళ్ళ పైచిలుకు ఆయన డబ్బాలో 65 కార్డులే ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

మార్కులు వేసేవాళ్ళకి పంపితే దీనికేమొస్తుంది? గుండుసూది కన్నం, మూల మడత, ఇంకు రాత... పదికి ఒకటి వస్తే గొప్ప. అయినా సరే, సెట్టు నిండింది కదా అన్న సంబరంలో చెయ్యి చాచాను.

అమ్మ కార్డు వెనక్కి లాక్కుంది.

"ఇది నాది. మా అన్నయ్య నాకు పంపాడు. నువ్వింకోటి కొనుక్కో!"

మళ్ళీ పాటల పుస్తకాల మధ్య పెట్టి, పురికొస చుట్టి, ట్రంకుపెట్టె మూసేసింది. తాళం కూడా వేసింది!

అందుకని పాఠకులారా, నా సెట్టు ఇప్పటికీ 65 దగ్గరే ఆగి ఉంది. అరవై అయిదు కార్డులు నా గదిలో బిస్కెట్ డబ్బాలో, ఒకటో నంబరు తెనాలిలో ట్రంకుపెట్టెలో. ఇంకోటి కొనే ఉద్దేశం నాకు లేదు. సెట్టు పూర్తయ్యే ఉందని నా లెక్క. కాకపోతే రెండిళ్ళలో ఉంది.

ఈసారి మీకు బాగా నచ్చిన సినిమా చూసినప్పుడు ఏదో ఒకటి దాచండి. పోస్టరు ముక్కయినా సరే, పేపర్లో వచ్చిన ప్రకటనైనా సరే. వెనక తేదీ వెయ్యండి. ఎవరితో చూశారో ఒక ముక్క రాయండి. ధర తగ్గిపోతుందని భయపడకండి... ఎలాగూ మీరు దాన్ని అమ్మరు!